బాతు బొమ్మ చాప

మా ఇంటి గోడ మీద డెల్సి క్లిప్పు తొమ్మిది రోజులుగా భయం ముఖానికే వేలాడుతోందని ఎదురింటి బెర్తిల్దా, బోయోలమ్మే తులియాతో అందట. "ఆ పిల్ల కొంపలో ఏదో ఉందే తల్లీ. నాలుగేళ్ళ పిల్ల ఉత్తినే భయపడుద్దా? వాళ్ళ నాన్న ఆ ఆనిబల్ గొంతు విన్నావా, పిడుగు పడ్డట్టుంటది" అని కూడా అందట. తులియా ఆ మాటని, నెత్తిమీద ఉడికించిన మొక్కజొన్నపిండి బోయోల బేసినుతో పాటు మూడు వీధులు తిప్పి, ఇంకా వేడి తగ్గకముందే నా గుమ్మంలో దించింది. "నాకెందుకులే సెన్యో, అమ్ముకు బతికేదాన్ని" అని చెయ్యి దులుపుకుని పోయింది.

నేను నవ్వి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. నా గోడ పని చేస్తోందన్నమాట. వీధి వీధంతా దాన్ని చదువుతోందన్నమాట.

ఆ గోడ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో నాలాంటివాళ్ళని వాడతల్లులంటారు. ప్రభుత్వం బియ్యం, పాలపొడి, పప్పులు పంపుతుంది. ఇల్లు మాది, చేతులు మావి. పొద్దున ఎనిమిదింటికి పదమూడు మంది పిల్లలు, రెండేళ్ళవాళ్ళ దగ్గర్నించి అయిదేళ్ళ వాళ్ళ దాకా, మా ముందుగదిలోకి వచ్చిపడి సాయంత్రం నాలుగింటికి పోతారు. వాళ్ళ తల్లులు చేపలు కోసే షెడ్డుకో, కార్తహేనా పట్నంలో ఎవరింటి వంటకో పోతారు. పిల్లలూ వాళ్ళ తల్లులూ అవ్వలూ అందరూ నన్ను సెన్యో అనే పిలుస్తారు. ఇక్కడ పంతులమ్మని అలాగే అంటారు. నా అసలు పేరు మరెల్విస్ అని గుర్తున్నది మా ఆయనకీ, బెర్తిల్దాకీ, ఎన్నికలప్పుడు జాబితా చదివేవాడికీ.

ఏడాది కిందట మమ్మల్ని పట్నానికి పిలిచి ఆరు శనివారాలు పాఠాలు చెప్పారు. పిల్లకి తిండీ నిద్రా చూస్తే చాలదు, మనసులో ఏముందో కూడా చూడాలన్నారు. కొట్టుకున్న పిల్లల్ని లాగి చెరో మూలా కూలేయడం కాదు, ముందు 'నీకు కోపం వచ్చింది కదూ' అని ఆ కోపానికి పేరు పెట్టమన్నారు. మేమంతా ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని నవ్వుకున్నాం. మా అమ్మ నా కోపానికి పెట్టిన పేరు చీపురుకట్ట. కానీ ఇంటికొచ్చి చేసి చూస్తే, ఏం చెప్పను, పని చేసింది. అన్నం పళ్ళెం విసిరికొట్టే పిల్లాడు 'సెన్యో, నాకు కోపం' అని నోటితో అనడం మొదలెట్టాడు. పళ్ళెం కింద పడటం తగ్గింది.

దాంతో నాకు హుషారొచ్చి అట్టలు కత్తిరించాను. నాలుగు ముఖాలు గీశాను. సంతోషం పసుపు, దిగులు నీలం, కోపం ఎరుపు, భయం ఊదా. పదమూడు చెక్క క్లిప్పులు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో పిల్ల ఫోటో అంటించాను. పొద్దున రాగానే సంచీ కొక్కేనికి తగిలించి, తన క్లిప్పు తీసుకుని ఆ రోజు తనకి ఎలా ఉందో ఆ ముఖానికి పెట్టాలి. మాటలు సరిగ్గా రాని రెండేళ్ళ పిల్ల కూడా పెట్టేది. పై ఆఫీసు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చే డాక్టరమ్మ నోహేమి (వైద్యం చేసే డాక్టరు కాదు, మా దగ్గర చేతిలో ఫైలున్న ప్రతివాళ్ళూ డాక్టర్లే) ఆ గోడని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది. చుట్టుపక్కల ఊళ్ళ వాడతల్లుల్ని తీసుకొచ్చి చూపిస్తానంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

మా ఊరి ఎండకి వీధి తలుపు మూస్తే లోపల మనుషులు ఉడికిపోతారు. తలుపు తీసే ఉంటుంది. గోడేమో తలుపుకి ఎదురుగా ఉంటుంది. బెర్తిల్దా తన వసారాలో ఊగుడు కుర్చీలో కూర్చుంటే ఆ నాలుగు ముఖాలూ, వాటికి వేలాడే పదమూడు క్లిప్పులూ టీవీ కన్నా బాగా కనిపిస్తాయి. "ఇవాళ మిర్యమ్ కొడుకు కోపంలో ఉన్నాడే, వాళ్ళాయన రాత్రి మళ్ళీ వేసుకొచ్చాడా?" అని అక్కణ్ణుంచే కేకేసేది. బెర్తిల్దా కొడుక్కి జ్ఞానస్నానంలో నేను తల్లిగా నిలబడ్డాను. అందుకని మేం ఒకరికొకరం కోమాద్రెలం, అక్కచెల్లెళ్ళ కింద లెక్క. కోమాద్రెని 'నీ పని చూసుకో' అనడం ఎలా? నవ్వేదాన్ని.

ఇంకో సంగతి. పిల్లలకి చదవడం రాదు గనక వాళ్ళ గ్లాసు మీదా, సంచీ మీదా, చాప మీదా ఒక్కో బొమ్మ వేశాను. ఒకళ్ళకి చేప, ఒకళ్ళకి మామిడికాయ, కేయ్‌లాకి గొడుగు, డెల్సికి బాతు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గంటసేపు పడుకుంటారు. నిద్రలో చాప తడిపినవాళ్ళది కడిగి ఆరేస్తాను. పెరడంతా మామిడిచెట్టు నీడ, అక్కడ ఏదీ ఆరదు. అందుకని వీధి వసారాలో, తలుపు పక్కనే, స్తంభం నుంచి స్తంభానికి ఒక తీగ కట్టాను. సముద్రం గాలి అటే కొడుతుంది, గంటలో ఎండిపోతుంది. ఇది ఇక్కడ చెప్పి వదిలేస్తున్నాను. అప్పుడు నేను కూడా ఇలాగే వదిలేశాను.

డెల్సి మాటలు తక్కువ పిల్ల. వాళ్ళమ్మ నెలన్నర కిందట కార్తహేనాలో ఒక ఇంట్లో ఉండి పనిచేసే కొలువు దొరికితే వెళ్ళింది. పదిహేను రోజులకోసారి వస్తుంది. అప్పట్నించీ పిల్ల తండ్రి ఆనిబల్ దగ్గరా, అవ్వ ఎనెయిదా దగ్గరా ఉంటోంది. ఆనిబల్ మోటారుసైకిలు మీద మనుషుల్ని తిప్పి బతుకుతాడు. సంతలో అరిచి అరిచి బేరాలు పట్టేవాడు, వాడికి చిన్నగా మాట్లాడటం రాదు. పొద్దున పిల్లని దింపి "డెల్సీ! కదులు! సెన్యో చూస్తోంది!" అని గర్జిస్తే మా గోడ మీద బల్లి కూడా కదిలేది.

ఆ తొమ్మిదో రోజు సాయంత్రం నేను డెల్సి పక్కన నేల మీద చతికిలబడ్డాను. పాఠాల్లో చెప్పినట్టే, నా కళ్ళు తన కళ్ళకి సమానంగా పెట్టి అడిగాను.

"భయంగా ఉందా అమ్మా?"

తల ఊపింది.

"దేన్ని చూస్తే?"

తల తిప్పి వీధి తలుపులోంచి బయటికి చూసింది. నేనూ చూశాను. బయట ఆనిబల్ మోటారుసైకిలు ఆపి ఉంది. వాడు దాని పక్కన నిలబడి ఎవరితోనో ఫోనులో అరుస్తున్నాడు.

పిల్ల బయటికి చూసింది. నాకు వాడు కనిపించాడు. అంతే. నాకు అంతకన్నా అడగాలనిపించలేదు, జవాబు ముందే తెలిసినవాళ్ళకి అడగడం ఎందుకు? తులియా బోయోలతో పాటు దించిపోయిన మాట అప్పటికే నా కడుపులో ఉంది.

ఆ గురువారం నోహేమి వచ్చింది. గోడ ముందు నిలబడి రాసుకుంటూ, "ఈ పాప రోజూ భయంలోనే ఉందేంటి సెన్యో?" అంది.

నేను తెలియదనొచ్చు. ఇంకా చూస్తున్నాననొచ్చు. కానీ అంత గొప్ప గోడ గీసినదాన్ని, దాన్ని చదవడం రాదని ఎలా ఒప్పుకుంటాను?

"ఇంట్లో ఏదో ఉంది డాక్టరమ్మా" అన్నాను గొంతు తగ్గించి. "తల్లి ఊళ్ళో లేదు. తండ్రి గొంతు పెద్దది. అడిగితే పిల్ల వాడివైపే చూసింది."

"కొడతాడా?"

"చూళ్ళేదు." ఒక్క క్షణం ఆగాను. అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. "కానీ వీధిలో అందరూ అనుకుంటున్నారు."

నోహేమి కలం ఆగలేదు. తల ఊపుతూ రాసుకుంది. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, "మీలాంటి కళ్ళుండాలి సెన్యో" అంది. ఆ మాట నేను మా ఆయనకి చెప్పాను. మా చెల్లెలికి ఫోను చేసి చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తట్టిన భుజాన్ని ఎక్కడైనా తీసి దాచేయాలనిపిస్తుంది.

తరవాతి మంగళవారం పదింటికి తెల్ల కారొచ్చింది. మా వీధిలోకి కారొస్తేనే పిల్లలు వెనక పరిగెడతారు. అద్దాలు మూసిన కారొస్తే పెద్దవాళ్ళు కూడా బయటికొస్తారు. ఇద్దరు ఆడమనుషులు, మెడలో సర్కారు కార్డులు వేసుకుని, ఎనెయిదా ఇంటి ముందు దిగారు. వాళ్ళిల్లు మాకు నాలుగిళ్ళవతల. నేను పిల్లలకి అరటిపండు జావ పోస్తూ గుమ్మంలోంచి చూశాను. డెల్సి ఆ రోజు నా దగ్గరికి రాలేదు, దగ్గొచ్చి ఇంట్లోనే ఉంది. వాళ్ళు ఎనెయిదాతో మాట్లాడారు. ఆనిబల్‌ని ఫోను చేసి పిలిపించారు. వాడొచ్చి మొదట అరిచాడు, తరవాత తగ్గాడు. ఈ వీధిలో నా ముప్పయ్యేళ్ళలో ఆనిబల్ గొంతు తగ్గడం అదే మొదటిసారి వినడం. విన్నానని కూడా అనలేను, గొంతు వినపడకపోవడాన్ని చూశాను.

"అదిగో, నేనన్లా?" అంది బెర్తిల్దా తన వసారాలోంచి, వీధికంతా వినపడేట్టు.

కారు వెళ్ళిపోయింది. ఆ వారం ఆనిబల్ మోటారుసైకిలు ఎక్కేవాళ్ళు తగ్గారు. బడి పిల్లల్ని తీసుకెళ్ళే బేరం ఒకటుండేది వాడికి, ఆ తల్లులు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. డెల్సి మళ్ళీ మా ఇంటికి రాలేదు. దాని క్లిప్పు భయం ముఖం దగ్గరే ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

అప్పుడు కూడా నేను సిగ్గుపడలేదు. పిల్లని కాపాడాననే అనుకున్నాను. అది రాకపోతే 'చూశావా, దాచిపెడుతున్నారు' అనుకున్నాను. తప్పు చేసినవాడి బుర్రకన్నా మంచి చేశాననుకునేవాడి బుర్ర గట్టిది.

శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు ఇంకా పడుకోకముందు, మూలన కేయ్‌లా బొమ్మలతో ఆడుకుంటోంది. కేయ్‌లాకి అయిదేళ్ళు, పదమూడు మందిలో అందరికన్నా పెద్దది, నాకు చిన్న సైజు మేస్త్రి. గుడ్డముక్క ఒకటి పరిచి ఒక బొమ్మని పడుకోబెట్టింది. జో కొట్టింది. తరవాత బొమ్మని లేపి, గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఓహో" అంది, అచ్చం నా గొంతుతో. "ఏం పర్లేదు అమ్మా, ఏం పర్లేదు."

నాకు నవ్వొచ్చింది. నేను సరిగ్గా అలాగే అంటాను. ఒక్కనాడు ఒక్క పిల్లని కూడా చాప తడిపావని తిట్టలేదు. పాఠాల్లో తిట్టొద్దన్నారు, తిట్టలేదు.

కేయ్‌లా ఆ గుడ్డ తీసుకెళ్ళి కుర్చీ వీపు మీద ఆరేసింది. జాగ్రత్తగా మూలలు లాగి, గుడ్డ మీది బొమ్మ బయటికి కనపడేట్టు సవరించింది. అక్కడితో ఆపలేదు. మిగిలిన బొమ్మలన్నిటినీ తెచ్చి కుర్చీ ముందు వరసగా కూర్చోబెట్టింది. చాప తడిపిన బొమ్మని పక్కన నిలబెట్టింది, గోడ వైపు ముఖం పెట్టి.

"ఇదేం ఆట కేయ్‌లా?" అన్నాను.

"ఇది డెల్సి ఆట. బాతు తడిసింది." వరసలో బొమ్మల వైపు తిరిగి చెయ్యెత్తింది. "ఇప్పుడు అందరూ నవ్వాలి. హహ్హహ్హ! బాతు ఈదింది, బాతు ఈదింది!"

ఇంకో ఇద్దరు పిల్లలు అది విని వచ్చి అందుకున్నారు. ఆ పాట వాళ్ళకి వచ్చు. చాలా రోజుల్నించీ వచ్చు.

నేను కేయ్‌లా పక్కన కూర్చున్నాను. "మరి సెన్యో ఎక్కడుంది ఈ ఆటలో?"

కేయ్‌లా నన్ను పైనుంచి కిందికి చూసింది, పని తెలియని కూలిమనిషిని చూసినట్టు.

"నువ్వు గుమ్మంలో నిలబడాలి సెన్యో. నువ్వు కూడా నవ్వాలి. నవ్వు మరి."

అప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోతే కదా గుర్తు రావడానికి, ఎప్పుడూ ఉన్నదే. రోజూ మధ్యాహ్నం నేను బాతు చాప తెచ్చి తీగ మీద వేస్తుంటే, ఎదురుగా బెర్తిల్దా "ఏం కోమాద్రే, ఇవాళ ఎవరు ఈదారు?" అనేది. నేను "ఇంకెవరు, బాతే!" అనేదాన్ని. ఇద్దరం పగలబడి నవ్వేవాళ్ళం. దారినపోయే పాలవాడు కూడా "బాగా ఈదుతోందే" అని ఒక మాట విసిరి పోయేవాడు. నాలుగింటికి తల్లులూ తండ్రులూ పిల్లల కోసం వచ్చేసరికి ఆ చాప గాలికి ఊగుతూ ఉండేది. పసుపు బాతు, ఎర్ర ముక్కు, అరచెయ్యంత బొమ్మ, నేనే గీశాను, చాలా శ్రద్ధగా గీశాను. ఎవరి చాపో చదువు రానివాళ్ళకి కూడా తెలియాలని గీశాను. తెలిసింది.

వెళ్ళి డెల్సిని అడిగిన చోట చతికిలబడి, తన ఎత్తులోంచి తలుపు బయటికి చూశాను. మోటారుసైకిలు లేదు, మనుషులు లేరు. నిండా కనిపించింది తీగ. పెద్దవాళ్ళకి అది తల మీదుగా పోతుంది, కంటికి ఆనదు. నాలుగేళ్ళ పిల్ల కూర్చుని చూస్తే ఆకాశాన్ని రెండు ముక్కలు చేస్తూ అడ్డంగా అదే ఉంది.

పిల్లలంతా చూస్తుండగా వసారాలోకి పోయి తీగ విప్పబోయాను. తుప్పు పట్టి ముడి బిగిసిపోయింది. చెయ్యి కోసుకుంది గానీ రాలేదు. మచ్చుకత్తితో కొట్టి కోశాను. "ఏమైందే కోమాద్రే, పిచ్చిగానీ పట్టిందా?" అంది బెర్తిల్దా. పెరట్లో, ఎండ పడకపోయినా, మామిడిచెట్టుకి కట్టాను.

నోహేమికి ఫోను చేశాను. జరిగింది చెప్పాను. సగం చెప్పి ఏడ్చాను.

"ఏడవకండి సెన్యో, మంచి ఉద్దేశంతోనే చెప్పారు కదా" అంది.

"ఆనిబల్ మీద రాసిన ఆ కాగితం వెనక్కి తీసుకోండి."

"కదిలిన కాగితం వెనక్కి రాదు. మీరు చెప్పింది ఇంకో కాగితం మీద రాసి జతచేస్తాను. ఆ పాప ఒంటి మీద ఏ దెబ్బా లేదని వాళ్ళు కూడా రాశారు. మూసేస్తారు."

"మరి కారు?"

"ఏ కారు?"

"తెల్ల కారు. వీధంతా చూస్తుండగా వచ్చింది కదా. మళ్ళీ అలాగే వచ్చి, మాదే తప్పని చెప్పదా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "దానికి ఫారం లేదు సెన్యో" అంది.

కారు రాకపోతే నేనే పోవాలి. వాళ్ళింటి పెరటి దారిన పోయి, ఎనెయిదా చెవిలో చెప్పి రావడం తేలిక. అలాగే చేద్దామని రెండుసార్లు చెప్పులు తొడుక్కున్నాను కూడా. కానీ ఆరేసింది వీధిలో, తుడవడం పెరట్లోనా? అయిదింటికి, ఎండ వాలి ఊళ్ళో అందరూ ఊగుడు కుర్చీలు వసారాల్లోకి లాక్కుని కూర్చునే వేళ చూసి బయల్దేరాను. బెర్తిల్దా అప్పటికే ఎనెయిదా పక్కింటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎక్కడ మాట పుడుతుందో అక్కడ ఆమె ముందే ఉంటుంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో కోమాద్రే. నీకూ పనుంది" అన్నాను.

ఎనెయిదా ఒళ్ళో బేసిను పెట్టుకుని పచ్చి కందికాయలు వొలుస్తోంది. తలెత్తలేదు. ఆనిబల్ మెట్టు మీద కూర్చుని మోటారుసైకిలు గొలుసుకి నూనె రాస్తున్నాడు. వాడూ తలెత్తలేదు. డెల్సి లోపలెక్కడో ఉంది.

"ఎనెయిదమ్మా, డెల్సి మంచి పిల్ల, ఎంతో నెమ్మది..." అని మొదలెట్టాను.

"ఆ సంగతి నాకు తెలుసు" అంది ఎనెయిదా. "వచ్చిన సంగతి చెప్పు."

చెప్పాను. గోడ గురించీ, చాప గురించీ, నేను నోహేమితో అన్న ప్రతి ముక్కా చెప్పాను. "పిల్లకి భయం మీ ఇంట్లో లేదు. నా ఇంట్లో ఉంది. నా వసారాలో, నా తీగ మీద ఉంది. నేనే ఆరేశాను. నేనే నవ్వాను" అని గట్టిగా అన్నాను, చుట్టుపక్కల కుర్చీలన్నిటికీ వినపడేట్టు. కుర్చీలు ఊగడం ఆగింది. ఎవరో రేడియో తగ్గించారు.

ఆనిబల్ గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. నేను అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాదేముంది సెన్యో" అన్నాడు చిన్నగా. "నన్ను ఏమడిగినా చెప్పేవాణ్ణి. కానీ పిల్ల గౌను ఎత్తి వీపు చూశారు. ఇక్కడే. ఈ గుమ్మంలో, ఇంతమందీ చూస్తుండగా. అది నా మెడ పట్టుకుని వదల్లేదు."

ఆ సంగతి నాకు తెలియదు. నేను జావ పోస్తూ చూశాననుకున్నదాన్ని, అది చూడలేదు.

"ఈ బెర్తిల్దా కూడా అంది..." అని ఎవరో మొదలెట్టబోయారు.

"నన్నెందుకు లాగుతారే?" అని బెర్తిల్దా గయ్యిమంది. "నేను చదివా. గోడ మీద రాసి పెట్టింది ఆవిడ!"

ఉన్నది ఉన్నట్టు అంది.

"నిజమే" అన్నాను. "ఆనిబల్, నీ బడి పిల్లల బేరం తల్లుల దగ్గరికి రేపు నేనే పోతాను. ఒక్కొక్కళ్ళ గుమ్మం ఎక్కి చెబుతాను."

వాడు గొలుసు వైపు తిరిగి మళ్ళీ నూనె రాయడం మొదలెట్టాడు. ఎనెయిదా ఇంకో కందికాయ చిట్లించింది. గింజలు బేసిన్లో పడ్డాయి. "పిల్ల నీ దగ్గరికి రావాలో వద్దో నేను చెప్పను" అంది చివరికి. "దాన్నే అడుగు. డెల్సీ! ఇటు రా!"

డెల్సి తలుపు పక్కనించి వచ్చింది. చేతిలో సగం తిన్న మామిడి ముక్క, గడ్డం నిండా రసం. అవ్వ మోకాళ్ళ వెనక్కి పోయి నిలబడింది. నేను వీధి మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"డెల్సీ, నీ చాప అందరికీ కనపడేట్టు వేసింది నేనే. నవ్వింది నేనే. అది తప్పు. ఇంక ఎప్పుడూ వెయ్యను. తీగ కోసేశాను."

పిల్ల నా చేతికున్న కట్టు చూసింది. నా ముఖం చూసింది. కాస్త ముందుకొచ్చింది కూడా, అవ్వ మోకాలి పక్కకి. నా గౌను జేబులోంచి తన చెక్క క్లిప్పు తీశాను, తన ఫోటో ఉన్నది. భయం ముఖం దగ్గర్నుంచి తీసి తెచ్చాను.

"నీ క్లిప్పు తెచ్చానమ్మా. చెప్పు, ఇవాళ ఎలా ఉంది నీకు?"

వీధంతా ముందుకి వంగింది. ఆ కుర్చీలు కిర్రుమనడం నాకు వినపడింది. డెల్సి క్లిప్పు వైపు చూసింది, నా భుజం మీదుగా బెర్తిల్దా వైపు చూసింది, చుట్టూ ఉన్న వసారాలన్నీ ఒక్కొక్కటే చూసింది. చేతిలో మామిడి ముక్క వెనక్కి దాచుకుంది.

"చెప్పను" అంది. "నువ్వు అందరికీ చూపిస్తావు."